సగం ఆయువు

టుర్కులో జనవరి. ఉదయం ఐదున్నర.
ఔరా నది గడ్డకట్టి
పడవలు ఉన్నచోటే బిగుసుకుపోయాయి.
రెండు మీటర్ల కాంక్రీటు గోడ వెనక
నా సైక్లోట్రాన్ ఒక్కటే
మేలుకొని ఉండి గుర్రుపెడుతోంది.

నేను పిల్లల్ని చూడను.
ఇరవై రెండేళ్లుగా వాళ్ల బరువులు మాత్రం తెలుసు నాకు.
ఇవాళ్టి కాగితం మీద ఇరవై ఒక్క కిలోలు.
పేరు పిహ్లా. ఏడేళ్లు.
నిరుడు వేసవిలో తలలోంచి కణితి తీశారు,
ఆపైన ముప్పై రోజులు కిరణాలు పెట్టారు.
ఇప్పుడు ఎమ్మారైలో అదే చోట
గోరంత తెలుపు.

కాలిన చోట మానిన మచ్చ కావచ్చు.
తిరిగొచ్చిందే కావచ్చు.
ఎమ్మారై ఇంటి గోడలు చూపిస్తుంది, కిటికీలు చూపిస్తుంది,
లోపల పొయ్యి రాజుకుందో లేదో
గోడలు చూస్తే తెలుస్తుందా?

అందుకే ఎర వేస్తాం.
మెథియొనిన్. గుడ్డులో, చేపలో, పాలలో ఉండేదే.
దానికో వెలిగే కర్బనాన్ని తగిలించి పంపుతాం.
చక్కెర పంపితే లాభం లేదు,
మెదడంతా చక్కెరే తింటుంది,
దొంగా దొరా ఒకే పంక్తిలో కూర్చుంటారు.

ఆకలి రుచెరుగదంటారు.
ఈ ఆకలి ఎరుగును.
కణితి దీన్ని ఏరుకుని మరీ లాక్కుంటుంది,
మచ్చ ముట్టుకోదు.
ముట్టుకోదనే అనుకుంటాం.
ఒక్కోసారి ఉత్త వాపు కూడా చెయ్యి చాపుతుంది.

ఈ కర్బనానికి ఆయువు తక్కువ.
ఇరవై నిమిషాలకు సగం,
ఇంకో ఇరవైకి సగంలో సగం.
నా కాఫీ చల్లారేలోగా
చేసిన పని తరిగిపోతుంది.

ఇవాళ మొదటి విడత పాడైంది.
ఆరూ నలభైకి, వడపోత పరీక్షలో
రాకూడని వేళకు బుడగలొచ్చాయి.
పారబోశాను.
వార్డుకి ఫోన్ చేసి, గంట ఆలస్యం అన్నాను.
అవతల రైయా గొంతు తగ్గించింది.
"రాత్రి ఏడు నుంచీ ఏమీ తినలేదు కెర్టూ, గంజి అడుగుతోంది.
వాళ్ల నాన్న కూడా మానేశాడు.
కాఫీ ఇస్తే, పాప తిన్నాక తాగుతానన్నాడు."
మంచు పగలగొట్టే ఓడలో మెకానిక్కట ఆయన.
చేతులెక్కడ పెట్టుకోవాలో తెలియక
మాటిమాటికీ హీటరు మర బిగిస్తున్నాడట.

మళ్లీ మొదలు.
సీసపు గోడకు అటు మరచేతులు, ఇటు నేను.
ఈసారి బుడగలు చెప్పినమాట విన్నాయి.
ఏడూ నలభై ఎనిమిదికి
సీసా గొట్టంలో పడింది.
వీధి కింద నాలుగు వందల మీటర్లు, నలభై సెకన్లు.
పైన ఎవరో కారు అద్దం మీద మంచు గోకుతూ ఉండి ఉంటారు,
కాళ్ల కింద నుంచి ఏం పోయిందో తెలియకుండా.

మధ్యాహ్నం డాక్టర్ వేసా పిలిచాడు.
మామూలుగా నన్నెవరూ పిలవరు.
తెర మీద నల్లని తల.
కళ్ల పక్కన రెండు దీపాలు.
ఉలిక్కిపడ్డాను.
"అవి కన్నీటి గ్రంథులు," అన్నాడు,
"అందరికీ వెలుగుతాయి. మంచిదే."
గోరంత తెలుపున్న చోట
చీకటీ కాదు, వెలుగూ కాదు.
పక్కనున్న మెదడుకన్నా కాస్త ఎక్కువ,
భయపడాల్సిన అంకె కన్నా కాస్త తక్కువ.
"మచ్చేనా?"
"మచ్చే అనుకుంటున్నా.
ఏప్రిల్లో మళ్లీ చూద్దాం."

అనుకుంటున్నా.
ఆ మాటకు సగం ఆయువెంతో
ఇంతవరకూ ఎవరూ కొలవలేదు.

నాలుగు కాకముందే చీకటి పడింది.
ఇంటికి పోతూ క్యాంటీన్ అద్దంలోంచి చూశాను.
ఉన్ని టోపీలో ఒక పాప
యాలకుల రొట్టె రెండు చేతులతో పట్టుకుని తింటోంది.
ఎదుట ఒకాయన, గోళ్ల సందుల్లో నల్లని నూనె,
కప్పు ముందు పెట్టుకుని ఇంకా తాగలేదు.
రొట్టె అయిపోయింది.
పళ్లెంలో రాలిన చక్కెర పలుకుల్ని
వేలితో ఒత్తి ఒత్తి ఏరుకుంటోంది.

ఆ పాపేనో కాదో.
ఇరవై ఒక్క కిలోలు ఉండొచ్చు.
కోటు గుండీలు పెట్టుకునే నెపంతో
అక్కడ చాలాసేపు నిలబడ్డాను.